లేమిలో పెరిగినవారి మాట

మన సంఘాలలో అరవై ఏటికి చేరువైన వారిని ఎవరినైనా కదిపి, "మీ చిన్నతనం ఎలా గడిచింది?" అని అడిగి చూడండి. కొందరు నవ్వి మాట మారుస్తారు. కొందరు ఆ ఒక్క ప్రశ్నకు గంటసేపు జవాబు చెబుతారు. ఒకరిద్దరు మాత్రం ఏమీ అనకుండా లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వస్తారు. లేమి అందరి ఇళ్ళలోనూ ఇంచుమించు ఒకే తీరుగా ఉండి ఉండవచ్చు గాని, దానిని మోసుకొని వచ్చిన తీరు మనిషికొక విధంగా ఉంటుంది. ఈ నెల పాఠకులతో ఆ విషయమే మాట్లాడదలచాము.

మేమంటే ఒకే తల్లి కడుపున పుట్టిన నలుగురం. మాలో పెద్దది అక్క. తరువాత ఇద్దరు మగపిల్లలు. చాలా ఏళ్ళ తరువాత పుట్టిన ఆఖరిది చెల్లెలు. ఒంగోలుకు పడమటగా మెట్టప్రాంతం మాది. నాన్న ఒక మోతుబరి ఇంట సంవత్సరానికింత అని కుదిరిన పాలేరు. అమ్మ మిరపకాయల కోతకూ, కలుపుకూ, సీజను వచ్చినప్పుడు పొగాకు గ్రేడింగుకూ వెళ్ళేది. ఇది వ్రాయడానికి ముందు నలుగురం కూర్చుని పాత సంగతులన్నీ జ్ఞాపకం చేసుకున్నాము. మొదటి మాట దగ్గరే తగాదా వచ్చింది. "మనం పస్తులు పడుకున్నాం" అన్నాడు మాలో పెద్దవాడు. "ఎప్పుడు? నాకైతే ఒక్క రోజు కూడా జ్ఞాపకం లేదు" అన్నది చెల్లెలు.

ఇద్దరూ నిజమే చెప్పారు. పెద్దవాడు ఎదిగింది 1970ల్లో. చెల్లెలు పలక పట్టుకొని బడికి వెళ్ళేనాటికి 1983 దాటింది. ఆ ఏడు ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ పథకం మంచిచెడ్డల మీద అప్పుడూ ఇప్పుడూ ఎంతోమంది ఎన్నో మాటలు అన్నారు. మా ఇంటి మట్టుకు మాకు తెలిసినది చెబుతాము. అంతకు ముందు మా ఇంట్లో జొన్న సంకటి, సజ్జ సంకటి, వరిగన్నం. తెల్లన్నం క్రిస్మస్‌కు, పెళ్ళిళ్ళకు, జ్వరం వచ్చినప్పుడు. పథ్యం పెట్టాలి గనుక జ్వరం తగ్గిన పిల్లవాడికి అమ్మ ఎక్కడో పుట్టెడు మాటలు పడి శేరు బియ్యం తెచ్చేది. ఆ అన్నం కోసం ఒళ్ళు వేడిగా ఉందని అబద్ధమాడిన రోజులు మా అందరికీ ఉన్నాయి. అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "ఈ జ్వరానికి అన్నం అక్కర్లేదు, సంకటి చాలు" అనేది. రెండు రూపాయల బియ్యం వచ్చాక ఆ జ్వరాలు తగ్గిపోయాయి!

అందుచేత ఒకే తల్లిదండ్రులు, ఒకే ఇల్లు, ఒకే తాటాకు కప్పు ఉన్నా, మాలో ఇద్దరు ఒక లేమిలోను, ఒకరు మరొక లేమిలోను పెరిగారు. "మా కుటుంబం బీద కుటుంబం" అని మనం ఒక్క మాటలో అనేస్తాము గాని, ఒకే ఇంట పెద్ద పిల్లకు, చిన్న పిల్లకు మధ్య ఆ మాటకు అర్థం మారిపోతుంది. మీ ఇళ్ళలో కూడా అడిగి చూడండి.

ఒంటికి పట్టిన అలవాట్లు

లేమి పోయినా దాని అలవాట్లు పోవు. మాలో ఒకరు ఇప్పటికీ అన్నం మిక్కిలి వేగంగా తింటారు, ఎవరో కంచం లాక్కుంటారన్నట్టు. మరొకరి ఇంట్లో ఖాళీ డబ్బా, పాత సంచి, తీగ ముక్క, విరిగిన గొడుగు ఊచ, ఏదీ బయటకు పోదు. కోడలు పారేస్తే మామగారు మళ్ళీ తెచ్చి అటక మీద పెడతారు. బియ్యపు డ్రమ్ము సగానికి దిగితే నిద్ర పట్టనివారు ఉన్నారు. బీరువా ఉన్నా డబ్బు బియ్యంలోనే దాచేవారు ఉన్నారు. వీధిలో సైకిలు గంట మోగితే ఉలిక్కిపడేవారు మా ఎరుకలో ఒకరున్నారు. వాళ్ళ చిన్నప్పుడు వడ్డీ వసూలుకు వచ్చే మనిషి సైకిలు మీద వచ్చేవాడట. ఆ మనిషి చనిపోయి ఎన్నో ఏళ్ళయింది. అప్పు తీరి ఇంకా ఎక్కువ ఏళ్ళయింది.

ఇవి చూసి పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి, అందులో తప్పేమీ లేదు. కాని పిసినారితనమని పేరు పెట్టడం మాత్రం సరికాదు. పిసినారి ఉన్నదానిని విడవలేడు. వీరు మళ్ళీ లేకుండా పోతుందేమోనని భయపడతారు. పిసినారి చెయ్యి ఇతరుల కోసం చాచుకోదు. కాని మేము చూసిన ఈ మనుషులలో చాలామంది, ఇంటికి వచ్చినవారికి కడుపు నిండా పెట్టకుండా పంపరు. ఆ మాటకొస్తే, వచ్చినవారు "చాలు" అన్నా వినరు. మారు వడ్డించకపోతే తమకే ఆకలి వేసినట్టు ఉంటుంది వారికి.

"మీ నాన్నగారు ఏం చేసేవారు?"

అలవాట్లకంటె లోతుగా ఉండేది సిగ్గు. బడిలో చేర్చే కాగితం మీద "తండ్రి వృత్తి" అని ఒక గడి ఉండేది. పాలేరు అని వ్రాస్తే మాస్టారు పైకి చదువుతారు. అందుకని ఆ గడిలో "వ్యవసాయం" అని వ్రాసిన పిల్లలు మన పల్లెల్లో ఎంతమందో! వ్యవసాయమే మరి, కాకపోతే పొలం వేరొకరిది.

ఆ గడి బడితో పోలేదు. ఉద్యోగం వచ్చాక, పెళ్ళి సంబంధం చూసేటప్పుడు, పట్నంలో ఇల్లు అద్దెకు అడిగేటప్పుడు అదే ప్రశ్న. మాకు తెలిసిన ఒక యువకుడు మంచి ఉద్యోగంలో స్థిరపడి, పెళ్ళి మాటల్లో తన తల్లి "ఇంటిదగ్గరే ఉంటుంది" అని చెప్పాడు. ఆమె ఆనాటికి కూడా గ్రేడింగుకు వెళుతూనే ఉన్నది. పొగాకు ఆకును రంగు చూసి, నాణ్యం చూసి వేరుచేసే పని. రోజంతా నేలమీద కూర్చోవాలి. ఆకు జిగురు చేతులకు అంటుకొని నల్లబడుతుంది, సబ్బుకు తొందరగా వదలదు. పెళ్ళిలో కొత్త చీర కట్టుకొని ఆ తల్లి చేతులు కొంగులో దాచుకొని కూర్చున్నది. ఆ చేతులు సంపాదించిన డబ్బుతోనే ఆ కుర్రవాడు డిగ్రీ చదివాడు. వాడిని దుర్మార్గుడని మేము అనము. తల్లిమీద ప్రేమ లేనివాడూ కాడు. ఆ అబద్ధం అతడు ఒక్క రోజులో నేర్చుకున్నది కాదు. బడిలో ఆ గడి నింపిన రోజునుండి ఎవరో ఒకరు అతడికి నేర్పుతూనే వచ్చారు.

మన సంఘాల వారికి ఈ సిగ్గుకు తోడు మరొక సిగ్గు కూడా తగిలించారు. "గంజికోసం మతం పుచ్చుకున్నవాళ్ళు" అనే ఎత్తిపొడుపు మా నాయనమ్మ విన్నది, అమ్మ విన్నది, మేమూ విన్నాము. ఈ మాట వెనుక ఒక చరిత్ర ఉన్నది గనుక దానిని కొంచెం చెప్పుకుందాము. 1876 నుండి 1878 వరకు దక్షిణదేశమంతా గొప్ప కరువు పడింది. ఆ ఏడు ధాత సంవత్సరం కావడంతో మన పెద్దలు దానిని ధాత కరువు అన్నారు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు ఆ కరువులో ఉచితంగా గంజి పోయడంకంటె పని కల్పించడం మేలని తలచి, ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ పని కంట్రాక్టుకు తీసుకున్నారు. మాదిగపల్లెల నుండి, మాలపల్లెల నుండి వేలమంది వచ్చి ఆ కాలువ తవ్వారు. గడ్డపార ఎత్తే బలం లేనివారు కూడా తట్ట మోసి కూలి తీసుకున్నారు. ఆ పనులు సాగినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపి ఉంచారు, కూలి కోసం విశ్వాసం చెప్పుకొనేవారు ఉంటారేమోనని. పనులు ముగిశాక 1878 జూలై 3వ తేదీన, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

మతం సంగతి అటుంచండి, అది ఎవరి మనస్సాక్షికి వారిది. మేము చెప్పదలచినది ఏమంటే, మన ముత్తాతలు ఆ కరువులో తిన్నది మట్టి మోసి సంపాదించిన కూడు. పిల్లలకు ఆ సంగతి ఎవరూ చెప్పరు. ఎత్తిపొడుపు మాత్రం నాలుగు తరాలు వచ్చింది. సిగ్గుకు సగం మందు ఇటువంటి సంగతులు తెలియడంలోనే ఉన్నదని మా అభిప్రాయం. ఒంగోలు ప్రాంతాల వారు ఆ కాలువ గట్టు మీదుగా పోయేటప్పుడు పిల్లలను ఒక్క నిమిషం నిలబెట్టి చూపించవచ్చు.

"మేము గంజి తాగి చదవలేదా?"

సిగ్గుపడేవారు ఒక వైపు ఉంటే, గర్వపడేవారు మరొక వైపు ఉన్నారు. "మేము గంజి తాగి చదివాం. బుడ్డి దీపం కింద చదివాం. కాళ్ళకు చెప్పులు లేకుండా నాలుగు మైళ్ళు నడిచాం. ఇప్పటివాళ్ళకు ఉచితంగా బియ్యం, బడిలో భోజనం, పుస్తకాలు, అన్నీ ఇస్తుంటే ఇంకా ఏం రోగం?" ఈ మాట పట్నంలో ఇల్లు కట్టుకున్న మనవారి నోట తరచుగా వింటూ ఉంటాము. పల్లె నుండి చుట్టం వచ్చి ఫీజుకు సాయం అడిగిన రోజున ఇంకాస్త గట్టిగా వినబడుతుంది.

నడిచినమాట నిజమే. బుడ్డి దీపమూ నిజమే. అయితే ఆ లెక్కలో కొన్ని పద్దులు వదిలేస్తున్నారు. మాలో ఒకరిని సంక్షేమ హాస్టలులో చేర్చారు. ట్రంకుపెట్టె, కంచం, గ్లాసు, ఒక దుప్పటి పట్టుకొని వెళితే పదవ తరగతి వరకు తిండి, గుడ్డ, పుస్తకాలు సర్కారువి. ఆ చారు పలచన, ఆ ఉప్మాలో పురుగులు అంటూ ఎన్ని చెప్పుకొని నవ్వుకున్నా, ఆ హాస్టలు లేకపోతే పదేళ్ళకే గేదెల వెంట పోవలసిందే. మాలో మరొకరు మిషను బోర్డింగులో చదివారు. రెండు రూపాయల బియ్యం సంగతి ముందే చెప్పుకున్నాము. గంజి తాగినమాట అందరికీ జ్ఞాపకం ఉంటుంది. ఆ గంజిలో నూకలు ఎవరు పోశారో మరచిపోతాము.

2014లో మాలావత్ పూర్ణ అనే అమ్మాయి పదమూడేళ్ళకే ఎవరెస్టు శిఖరం ఎక్కింది. నిజామాబాదు జిల్లా పాకాల ఊరు, వ్యవసాయ కూలీల బిడ్డ. ఆ వార్తను మన ప్రసంగాలలో చాలామంది "పట్టుదల ఉంటే ఏదైనా సాధ్యం" అని చెప్పడానికి వాడుకున్నారు. పట్టుదల ఉన్నమాట వాస్తవమే. కాని ఆ పిల్ల సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుతూ ఉండగా అక్కడే శిక్షణకు ఎంపికయింది. 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకులం పెట్టిన నాటి నుండి ఎందరెందరో కట్టుకుంటూ వచ్చిన బడుల వరుస అది. అటువంటి బడి దొరకని కూలీల బిడ్డలలో ఎంత పట్టుదల మట్టిలో కలిసిపోయిందో లెక్క వేసేవారెవరు?

ఇక ఒక పెద్ద పద్దు మిగిలి ఉన్నది. మా అక్క సంగతి.

అక్క ఐదవ తరగతి పాసయింది. లెక్కలలో అందరికంటె ముందుండేదని మాస్టారు నాన్నను పొలానికి వెళ్ళి మరీ కలిసి చెప్పారు. అప్పటికి ఇంట్లో చిన్న పిల్లలున్నారు, అమ్మ కూలికి పోవాలి. అక్కను మాన్పించారు. ఏడ్చిందని ఎవరికీ జ్ఞాపకం లేదు. పన్నెండేళ్ళకు మిరప చేలో సగం కూలికి కుదిరింది. కాయ కోసి కోసి వేళ్ళు మండితే రాత్రి మజ్జిగలో ముంచుకొని కూర్చునేది. ఆ మజ్జిగ కూడా ఎవరి ఇంటిలోనో అడిగి తెచ్చుకున్నదే. తమ్ముళ్ళు పరీక్షలకు ఫీజు కట్టినా, చెల్లెలు టీచరు ట్రైనింగుకు వెళ్ళినా ఆ కూలి అందులో ఉన్నది.

మిగిలిన ముగ్గురం "ఒకప్పుడు బీదవాళ్ళం" అని చెప్పుకుంటాము. అక్క అలా చెప్పదు. ఆమెకు అది గడిచిపోయిన కాలం కాదు. ఈనాటికీ ఊళ్ళోనే, ఇతరుల పొలంలోనే ఉన్నది. నలుగురం కూర్చున్న రోజున ఆమెను, "అక్కా, నీకు కోపం లేదా?" అని అడిగితే వెంటనే జవాబు చెప్పలేదు. కొంతసేపయ్యాక, "కోపం ఎవరిమీద పెట్టుకోను? నాన్నమీదా? ఆయనకు నలుగురిలో ఒకరిని ఆపాల్సి వచ్చింది. ఆడపిల్లను గనుక నన్ను ఆపాడు" అన్నది. ఆగి, "మాస్టారు పొలానికి రాకపోయినా బాగుండేది" అన్నది. ఆ మాటకు మేమెవ్వరమూ ఏమీ అనలేకపోయాము.

పైకి వచ్చిన ప్రతి ఇంటి వెనుక ఇటువంటి ఒక అక్కో అన్నో ఉంటారు. సాక్ష్యాలలో వాళ్ళ పేర్లు రావు. లేచి నిలబడి మైకు పట్టుకొనేది చదువుకున్న తమ్ముడే.

బీదవానికి బుద్ధి లేదా?

"వాళ్ళకు ముందుచూపు ఉండదండీ. చేతిలో డబ్బు పడితే ఆ రోజే ఖర్చు పెట్టేస్తారు. అందుకే బాగుపడరు." ఇదీ మనం వినే మాటే. దీని గురించి మన పొరుగు రాష్ట్రంలో జరిగిన ఒక పరిశీలనను చెప్పాలి. తమిళనాడులో 54 గ్రామాలలో 464 మంది చెరకు రైతులను కొందరు శాస్త్రజ్ఞులు పరీక్షించి, ఫలితాన్ని 2013లో ప్రచురించారు. చెరకు రైతుకు డబ్బు ఏడాదికి ఒక్కసారే వస్తుంది. కోతకు ముందు చేతిలో ఏమీ ఉండదు, నగలు తాకట్టులో ఉంటాయి, అప్పు ఉంటుంది. కోత తరువాత కొంత ఊపిరి ఆడుతుంది. అదే రైతుకు అదే విధమైన ఆలోచన పరీక్షలను కోతకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి పెట్టారు. డబ్బు లేని నెలల్లో అతడు తక్కువగా చేశాడు, డబ్బు వచ్చాక బాగా చేశాడు. మనిషి అతడే, బుర్ర అదే. అప్పు చింత ఆ బుర్రలో కొంత స్థలం ఆక్రమించుకొని కూర్చున్నది, అంతే తేడా. రాత్రంతా నిద్ర లేనివాడు మరునాడు లెక్కలు చేస్తే ఎలా ఉంటుందో ఇంచుమించు అలా ఉంటుందట.

ఇది చదివాక మాకు నాన్న జ్ఞాపకం వచ్చాడు. ఆయన సంతలో బేరం చేయలేడనీ, ఎవరేమి చెబితే అది నమ్ముతాడనీ అమ్మ విసుక్కునేది. పాలేరుతనం మానేసి, అప్పు తీరి, కొడుకు జీతంతో రెండు పూటలా తినే రోజులు వచ్చాక, ఆయనే ఊళ్ళో నలుగురికి పశువుల బేరంలో సలహా చెప్పేవాడు. ముసలితనంలో తెలివి వచ్చిందని మేము వేళాకోళం చేసేవాళ్ళం. వచ్చింది తెలివి కాదని ఇప్పుడు అనిపిస్తున్నది. తెలివి మొదటినుండీ ఉన్నది.

ఇద్దరు గురువులు

లేమిని మెచ్చుకొనే మాటలు కూడా మనలో ఉన్నాయి. ప్రభువు పశువుల పాకలో పుట్టాడు గనుక బీదతనమే దీవెన అని కొందరు ప్రసంగిస్తారు. కూలి పెంచమని అడిగినవారికి ఆ ప్రసంగం వినిపించేవారు కూడా ఉన్నారు. లూకా సువార్త రెండవ అధ్యాయంలో ఒక చిన్న సంగతి ఉన్నది, తరచుగా దాటిపోతాము. శిశువును దేవాలయానికి తెచ్చినప్పుడు మరియ యోసేపులు అర్పించినది గువ్వల జత గాని పావురపు పిల్లల జత గాని అర్పించే అర్పణ. లేవీయకాండము పన్నెండవ అధ్యాయం చూస్తే, గొర్రెపిల్లను తేలేని స్త్రీకి ఇచ్చిన వెసులుబాటు అది. అంటే అక్కడ ధర్మశాస్త్రం బీదరాలిని నీవు ధన్యురాలవని పొగిడి ఊరకుండలేదు. ఆమె శక్తికి తగినట్టు కానుకనే తగ్గించింది. పొగడ్తకంటె ఆ తగ్గింపు మేలు.

మన తెలుగువారిలో ఈ విషయాన్ని గుఱ్ఱం జాషువా గారంత నిక్కచ్చిగా చెప్పినవారు అరుదు. 1895లో వినుకొండలో పుట్టారు. పుట్టుకవల్ల అంటరానివాడనిపించుకున్నారు. బ్రతకడానికి రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చెప్పే పని చేశారు, బడిపంతులు పని చేశారు. తనకు ఇద్దరు గురువులని, ఒకటి పేదరికమని, రెండవది కులమత భేదమని ఆయన చెప్పుకున్నారు. మొదటిది సహనం నేర్పిందట, రెండవది ఎదిరించే శక్తి పెంచిందట గాని తనను బానిసను చేయలేదట. ఆయన 1941లో వెలువరించిన గబ్బిలం కావ్యంలో ఒక నిరుపేద తన బాధను కాశీలోని శివునికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. అతడిని గుడిలోకి రానివ్వరు, గబ్బిలాన్ని ఎవరూ ఆపరు. క్రీస్తు చరిత్రకు 1964లో ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, 1970లో పద్మభూషణ్ వచ్చింది. ఆ పేరుప్రతిష్ఠలు వచ్చాక కూడా తన బాల్యాన్ని ఆయన దాచలేదు, అలాగని దానిని చూపి జాలి అడగనూ లేదు. సహనం ఒక్కటే నేర్చుకున్నవాడు ఎత్తిపొడుపులు పడుతూ ఉండిపోతాడు. ఎదిరింపు ఒక్కటే నేర్చుకున్నవాడు ఇంటివారిమీద కూడా విరుచుకుపడతాడు. జాషువా గారికి రెండూ అబ్బాయి. మాలో ఆ రెండూ కలిసి అబ్బినది ఒక్క అక్కకేనేమో.

పిల్లలకు ఏం చెప్పాలి?

"మేము పడ్డది మా పిల్లలు పడకూడదు." ఈ మాట అనని తల్లిదండ్రులు మనలో లేరు. అనడం సహజమే. కాని ఆ మాట పట్టుకొని అప్పు చేసి మోటారు సైకిలు, అప్పు చేసి ఫోను, అప్పు చేసి పుట్టినరోజు పండుగ చేస్తుంటే, పిల్లలకు తప్పించాలనుకున్న ఆ వడ్డీ సైకిలు గంటే మళ్ళీ వాకిట్లో మోగుతుంది. ఇప్పుడది ఫోనులో మోగుతున్నది, అంతే. ఇంటి ఆదాయం ఎంతో, నెలకు ఏమేమి పోతుందో పన్నెండేళ్ళ బిడ్డకు చెప్పవచ్చు. మాలో ఒకరి ఇంట్లో జమాఖర్చుల పుస్తకం పిల్లలే వ్రాస్తారు. బిడ్డలను భయపెట్టడానికి కాదు, ఇల్లు ఎలా నడుస్తుందో తెలియడానికి. అలాగని ఉన్నది దాచిపెట్టి పిల్లలను బలవంతంగా లేమిలో ఉంచి "మాలాగా గట్టిపడతారు" అనుకొనేవారితో మేము ఏకీభవించము. ఆకలి మమ్ములను గట్టిపరచలేదు. ఆకలిలో మాకు పెట్టినవారు మమ్ములను నిలబెట్టారు.

బడిలో మధ్యాహ్న భోజనం గురించి కూడా పిల్లలతో తక్కువచేసి మాట్లాడకండి. 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చాక, 2003 నుండి మన రాష్ట్రంలో బడిలో వండి పెట్టడం మొదలైంది. "బడి కూడు" అని ఒక పిల్ల ముందు మరొక పిల్ల ఎగతాళి చేస్తే, తినేపిల్ల చదువు మానకపోవచ్చు గాని తినడం మానేస్తుంది.

చివరగా, మన సంఘాలలో బీద పిల్లలకు బట్టలు, నోటు పుస్తకాలు పంచే పద్ధతి గురించి ఒక మాట. క్రిస్మస్ ముందు ఆదివారం ఆరాధన అయ్యాక పేర్లు చదివి, పిల్లలను వేదిక ముందుకు పిలిచి, వరుసగా నిలబెట్టి, దాతచేత ఇప్పించి ఫోటో తీయిస్తారు. ఇచ్చేవారి మనసు మంచిదే. కాని తొమ్మిదేళ్ళ పిల్లవాడు తన పేరు ఆ జాబితాలో వినబడినప్పుడు ఎటు చూడాలో తెలియక నేల చూస్తాడు. పక్కన కూర్చున్న స్నేహితుడి పేరు రాలేదని కూడా వాడికి తెలుసు.

మా చిన్నప్పుడు మా ఊరి సంఘానికి ఒక పాదిరిగారు ఉండేవారు. వారి అమ్మగారు సండే స్కూలు చెప్పేవారు. డిసెంబరు నెల మొదట్లో బైబిలు వచనం బాగా అప్పజెప్పినవారిని, సరిగా చెప్పనివారిని కూడా ఒక్కొక్కరినే దగ్గరకు పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, వీపు నిమిరి పంపేవారు. ఒకసారి భుజం నుండి భుజానికి, ఒకసారి మెడ నుండి నడుముకు. క్రిస్మస్ ముందు రోజు చీకటి పడ్డాక సంఘం కాపలా మనిషి మా ఇంటికి ఒక పొట్లం తెచ్చి అమ్మ చేతికిచ్చి వెళ్ళేవాడు. అందులో చొక్కాలు, గౌన్లు సరిగ్గా మా కొలతకే ఉండేవి. మరుసటి రోజు గుడిలో అమ్మగారు మమ్ములను చూసి, "ఓహో, కొత్త బట్టలు! మీ అమ్మ కుట్టించిందా?" అని అడిగేవారు. అవునని చెప్పేవాళ్ళం. అమ్మ కూడా అవుననేది. ఆ కొలతలు ఎవరు తీసుకున్నారో, ఎప్పుడు తీసుకున్నారో మాకు తెలిసేనాటికి మాలో ఇద్దరికి పెళ్ళిళ్ళయ్యాయి.